ఎవరూ అందుకోని పాట

ఎర్రని కిటికీ

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే పగటి రైలులో కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడకండి. అరకు దాటేవరకు అది అదృష్టమే. ఆ తరువాత బైలడిల గనుల నుంచి ఇనుపరాయి నింపుకొని సముద్రం వైపు దిగే గూడ్సు బండ్లు ఎదురైనప్పుడల్లా ఎర్రటి పొడి లోపలికి వస్తుంది. నేను తెల్ల వాయిలు చీర కట్టుకుని బయలుదేరాను. అది ఫిబ్రవరి, బుధవారం. జగదల్‌పూర్ చేరేసరికి కిటికీ వైపున్న కుడి భుజం జేగురుమట్టి రంగు, ఎడమ భుజం తెలుపు. ఇంటికొచ్చాక మూడుసార్లు సబ్బు పెట్టాను. ఆ రంగు పూర్తిగా పోలేదు.

ఎదురు సీటులో ఒక ఒడియా ఆవిడ కూర్చుంది. మధ్యాహ్నం పులిహోర డబ్బా తెరిస్తే అందులో నాకు కావలసినదానికి రెట్టింపు ఉంది. ఆమె చూసి, "ఒక్క మనిషికి ఇంతా?" అంది హిందీలో. "కొలత తప్పింది" అన్నాను. విజయనగరంలో ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఆ మాట అనడం నాకు నచ్చలేదు గానీ అన్నాను. సగం ఆమెకు పెట్టాను. బదులుగా ఆమె ఇచ్చిన ఉడికించిన చిలగడదుంప, నిజం చెప్పాలంటే, నా పులిహోర కంటే బాగుంది.

ఎందుకు వెళ్ళానో చెప్పాలి. మా పిన్ని కూతురు సుభద్ర కిరండూల్లో గనుల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై అక్కడే ఉండిపోయింది. ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి గుండె బరువు, నిద్ర పట్టకపోవడం, తలపోటు. పరీక్షల్లో ఏమీ కనపడదు. బిళ్ళలు ఇచ్చి పంపేవారు. ఆ ఆడవాళ్ళే చీటీ కోసం వరుసలో నిలబడినప్పుడు ఒకరితో ఒకరు పాటలాంటి మాటలు కట్టి చెప్పుకోవడం, చెప్పుకున్నాక తేలికపడటం సుభద్ర గమనించింది. రిటైరయ్యాక ప్రతి శుక్రవారం సాయంత్రం వాళ్ళను తన వసారాలో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది.

నేనూ మా ఊళ్ళో అలాంటిదే నడుపుతున్నాను. ఆదివారం ఉదయం గ్రంథాలయం వెనక గదిలో పింఛనుదార్లం చేరతాం. ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు నాలుగు పంక్తులు రాసుకొచ్చి చదువుతారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మిగిలినవాళ్ళు మాట్లాడకూడదు, సలహా చెప్పకూడదు. ఐదు నిమిషాలు కాగానే నేను ఇత్తడి గంట కొడతాను. అందరూ చప్పట్లు కొడతారు. సుభద్ర ఒకసారి వచ్చి చూసి ముచ్చటపడింది.

"అక్కా, మావాళ్ళు ఒకరు నోరు తెరిస్తే పదిమంది మీద పడిపోతారు. సంత లాగుంటాది. నువ్వొచ్చి కాస్త దార్లో పెట్టు" అని ఫోన్ చేసింది.

గంట సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

మూపురం కింద

బైలడిల అంటే ఎద్దు మూపురం. కొండను చూస్తే పేరు అలాగే పెట్టాలనిపిస్తుంది. ఒకవైపు తవ్వి మెట్లు మెట్లుగా చేశారు. ఆ మెట్ల మీద పెద్ద లారీలు అగ్గిపెట్టెల్లా తిరుగుతాయి. కింద టౌన్‌షిప్‌లో వీధికో భాష. పాలవాడితో హిందీ, పనిమనిషితో హల్బీ, పక్కింటి వాళ్ళతో తెలుగు, గుళ్ళో అన్నీ. సుభద్ర ఒకే గుక్కలో మూడు భాషలు మాట్లాడి, నాలుగో భాషలో నవ్వుతుంది.

గురువారం పొద్దున్నే నాకు చోడి అంబలి ఇచ్చింది. దాన్ని ఇక్కడ పేజ్ అంటారు. మన అంబలి కంటే పలచన, కొద్దిగా పులుపు. మనం ఉల్లిపాయ నంజుకుంటాం, వీళ్ళు ఎండుచేప ముక్క. చేప వద్దన్నాను.

"అరె దీదీ, చేప లేకుంటే పేజ్ గొంతులకెళ్ళి దిగుతూ దిగుతూ ఏడుస్తది" అంది బుధ్రీ.

బుధ్రీ సుభద్ర వెనకింట్లో ఉంటుంది. ఆసుపత్రిలో ఊడ్చే పని చేసేది. యాభై దాటిన వయసు, ముంజేతుల నిండా పచ్చబొట్లు. ఇంట్లో మాట్లాడేది హల్బీ. తెలుగు కాలనీలో పట్టుబడింది. సుభద్ర వసారాలో అందరికంటే పెద్ద నోరు ఆమెదేనని అప్పటికే విన్నాను.

రాళ్ళ దగ్గర

మధ్యాహ్నం సుభద్ర నన్ను దంతెవాడ వైపు జీపులో తీసుకెళ్ళింది. డ్రైవరు మనిషికి ఇరవై రూపాయలు తీసుకుని పద్నాలుగు మందిని ఎక్కించాడు. దారి పక్కన ఒకచోట వరుసగా రాళ్ళు పాతి ఉన్నాయి, కొన్ని నా ఎత్తుకు రెండింతలు. చనిపోయినవాళ్ళ కోసం వాళ్ళ మనుషులు నిలబెట్టే రాళ్ళు. కొత్తవాటి మీద రంగులతో బొమ్మలు వేశారు. ఒకదాని మీద సైకిలు, ఒకదాని మీద కోడిపుంజు, ఒకదాని మీద టిప్పరు లారీ. పోయిన మనిషి దేన్ని ఇష్టపడ్డాడో అది. మనం ఫొటోకు దండ వేసి ఊరుకుంటాం. ఆ సైకిలు బొమ్మ చూశాక, మన పద్ధతిలో మనిషి ముఖం తప్ప మరేమీ మిగలదనిపించింది.

ఒక రాయి ముందు ముసలావిడ నిలబడి పాడుతోంది. వెనక ఆమె ఇంటివాళ్ళు, చిన్నా పెద్దా, నేల మీద కూర్చున్నారు. ఎవరూ కదలలేదు. ఎవరూ గొంతు కలపలేదు. ఆమె ఆగి ఆగి పాడి ముగించింది. ఆకుదొన్నెలో తెచ్చిన ఇప్పసారా రాతి మొదట్లో పోసి, అందరూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

"చూశావా సుభద్రా! వినడమంటే అదీ. మీ వసారాలో సంత అన్నావు. వీళ్ళకు చేతకాక కాదు, ఎవరూ అడగక" అన్నాను.

"నిజమేనక్కా. ముప్ఫై ఏళ్ళుగా ఈ దారినే పోతున్నాను, జీపు దిగింది ఇవాళే" అంది సుభద్ర.

ఇద్దరం చాలా తెలుసుకున్నామనుకుంటూ తిరిగొచ్చాం.

శుక్రవారం

సాయంత్రం ఐదున్నరకల్లా వసారా నిండింది. ఇరవై మంది పైనే. ఎవరూ ఊరికే కూర్చోలేదు. అందరి ఒళ్ళోనూ ఆకుల కట్టలు, వెదురు పుల్లలు. విస్తళ్ళు కుడుతూనే మాట్లాడతారు.

స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒకామెను సుభద్ర నాకు కళ్ళతోనే చూపించింది. పేరు ముత్తమ్మ. సొంతూరు ఎర్రబోరు దగ్గరి పల్లె. తెలుగు మనిషే, మాట భద్రాచలం వైపు యాస. భర్త కాంట్రాక్టరు దగ్గర టిప్పరు తోలేవాడు. కిందటి వానాకాలం పని దిగి నడిచి వస్తూ గని నీళ్ళతో ఎర్రగా పొంగిన వాగు దాటబోయాడు. మనిషి దొరకలేదు. అప్పటినుంచి ముత్తమ్మ ప్రతి శుక్రవారం వస్తుంది, విస్తళ్ళు కుడుతుంది, నోరు తెరవదు. సరిగా తినదు, నిద్రపోదు.

"ఈమె ఒక్క మాట అంటే చాలక్కా. మనిషి చిక్కిపోతోంది. నాకదే బెంగ" అంది సుభద్ర.

అంతలో మూలనుంచి ఒక చిన్న వయసు పిల్ల రాగం తీసింది.

"జీతమొచ్చే రోజు ఇంటికి రాడు
ఇంటికొచ్చే రోజు జీతం రాదు"

పుల్ల గుచ్చుతూనే బుధ్రీ అందుకుంది.

"నీవాడు రాకుంటే ఒక్క నాడే బాధ
నావాడు రోజు వస్తడు, అదే నా బాధ"

వసారా అంతా పకపకలాడింది. మరొకామె అందుకుంది, ఇంకొకామె అందుకుంది, మొదటి పిల్ల కూడా కళ్ళు తుడుచుకుని నవ్వుతోంది. నాకు మాత్రం నచ్చలేదు. ఒక ఆడపిల్ల తన కష్టం చెప్పుకుంటే పైనుంచి ఒకరి మీద ఒకరు పడి నవ్వడమేమిటి? ఆమె మాట పూర్తి కానేలేదు. ఎవరూ విననే లేదు.

నేను సంచిలోంచి గంట తీశాను.

ఇత్తడి గంట

నా నియమాలు తెలుగులో చెప్పాను. ఒకరు మాట్లాడేటప్పుడు మిగిలినవాళ్ళు మౌనంగా ఉండాలి. కలగజేసుకోకూడదు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. నిన్న రాళ్ళ దగ్గర ఎలా విన్నారో అలా వినాలి అని కూడా అన్నాను. ఆ మాటకు ఒకరిద్దరు తలెత్తి చూశారు. అర్థమైంది కాబట్టి చూశారనుకున్నాను.

బుధ్రీ హల్బీలోకి మార్చి చెప్పింది. నేను అంతసేపు చెప్పినదాన్ని ఆమె రెండు ముక్కల్లో ముగించింది. అందరూ నవ్వారు.

"ఏమని చెప్పావు?" అని అడిగాను.

"గంటమ్మ వచ్చింది, నోళ్ళు మూసుకోన్రి అన్న" అంది.

తరువాత చాలాసేపు ఎవరూ నోరెత్తలేదు. ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో ముత్తమ్మ గొంతు లేచింది.

"ఎర్రవాగు దాటినోడు ఎనక్కి రాలే
ఎసరు పెట్టిన కుండ ఇంకా దించలే"

సుభద్ర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముత్తమ్మ ఆగింది. తలెత్తి వసారా అంతా ఒకసారి చూసింది. బుధ్రీ నోరు తెరిచింది. నేను వేలు ఎత్తి వద్దన్నాను. బుధ్రీ నన్ను చూసింది, ముత్తమ్మను చూసింది, నోరు మూసుకుంది.

ముత్తమ్మ అవే రెండు పంక్తులు మళ్ళీ పాడింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ ఒక్కొక్కరి ముఖం చూసింది. తడబడుతోంది, సమయం ఇవ్వాలి అనుకున్నాను. మూడోసారి పాడింది. ఈసారి ఎవరినీ చూడలేదు. రాగం మారింది. నెమ్మదించింది. ఆ తరువాత ఆగకుండా, నేల వైపు చూస్తూ, చాలా పాడింది. నాకు అర్థమైనవి కొన్నే. అతని చొక్కా, అతను తొక్కిన గట్టు, అతను కొరికి పారేసిన జామకాయ. ఒక్కరూ కదలలేదు. విస్తళ్ళు కుట్టే చేతులు కూడా ఆగిపోయాయి.

ముగించాక గంట కొట్టాను. చప్పట్లు కొట్టాను. నాతో కలిసి కొట్టింది సుభద్ర ఒక్కతే.

ముత్తమ్మ సగం కుట్టిన విస్తరిని అక్కడే వదిలేసి, మిగిలిన ఆకులు కొంగున కట్టుకుని మెట్లు దిగింది. మిగతావాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు వెళ్ళారు. ఆ రోజుకు అంతేనేమో అనుకున్నాం.

"ఎనిమిది నెలలకి నోరు తెరిచిందక్కా" అని సుభద్ర ఏడ్చింది. ఆ రాత్రి నేను ఎంతో హాయిగా నిద్రపోయాను. ఈ ప్రయాణంలో నన్ను ఇప్పటికీ గుచ్చేది ఆ నిద్రే.

బుధ్రీ కోపం

శనివారం పొద్దున బుధ్రీ వచ్చింది. పలకరింపు లేదు. గడపలో నిలబడి సుభద్రతోనే మాట్లాడింది.

"ముత్తమ్మ రాత్రి పొయ్యి మీంచి కుండ దించేసింది. చేతి గాజులు తీసింది."

నాకు అర్థం కాలేదు. అడిగాను. బుధ్రీ అప్పుడు నా వైపు తిరిగింది.

"మేము పాట ఎత్తితే ఎవరో ఒకరు అందుకోవాలె దీదీ. నీ బాధకు నా బాధ కలపాలె. అప్పుడు పాట ముందుకు పోతది. ఎవరూ అందుకోని పాట ఒక్క తావునే పాడతరు. రాయి కాడ. సచ్చినోనికి పాడతరు. అక్కడ ఎవరన్న అందుకుంటరా? నువ్వే చూసినవంటగా."

"ముత్తమ్మ మీవాళ్ళు కాదు కదా" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"మా వాగు నీళ్ళే తాగింది గద. ఆమె ఊళ్ళ గూడ గంతే." బుధ్రీ గొంతు తగ్గింది. "మనిషి దొరకలే. రాయి పెట్టలే. వస్తడని ఎసరు కుండ పొయ్యి మీదనే పెట్టి ఉంచింది రోజూ. మూడు సార్లు అడిగింది మమ్మల్ని. ఎవరన్న అందుకుంటే వాడు ఉన్నట్టే. మేము అందరం ఊకున్నం. అంటే ఏంది? వాడు పోయిండని ఇరవై మంది కలిసి చెప్పినట్టే గద."

సుభద్ర మెల్లగా అంది, "ఏనాటికైనా ఒప్పుకోవాల్సిందే కదే బుధ్రీ."

"ఒప్పుకోవాలె. మేము చుట్టూ కూసొని, ఏడ్చి, నవ్వి, సంవత్సరం పడితే సంవత్సరం, ఒప్పిద్దుము. గంట కొట్టి కాదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ ఒక్కదాని తప్పు కాదులే. వేలు నువ్వు ఎత్తినవ్, నోరు నేను మూసుకున్న. నా నోరు ఎన్నడన్న మూతపడ్డదా? నిన్ననే పడాల్నా!"

వెళ్ళిపోతూ, చేతిలో ఉన్న ఆకు పొట్లం అరుగు మీద పెట్టింది. అందులో రెండు ఎండుచేప ముక్కలు. నా కోసమే తెచ్చిందట.

సంత

ఆదివారం సంత. చింతపండు, సారపప్పు, ఇప్పపూలు, ఇనుప గొడ్డళ్ళు, ప్లాస్టిక్ బిందెలు అన్నీ పక్కపక్కనే. జీలుగు కల్లు పాత సీసాల్లో పోసి అమ్ముతున్నారు. ఎర్రచీమల చట్నీ దొన్నె పది రూపాయలు. కొని నాలుక మీద పెట్టుకున్నాను. నిమ్మకాయ, పచ్చిమిరపకాయ కలిపి నూరినట్టుంది. మరో రోజైతే దాని గురించి ఒక పేజీ రాసేదాన్ని.

ముత్తమ్మ చింతపండు కుప్ప ముందు కూర్చుంది. చేతులు బోసిగా ఉన్నాయి. నన్ను చూసి జరిగి గోనె పరిచింది.

"కూసో టీచరమ్మ. ఎండల నిలబడ్డవేంది?"

కూర్చున్నాను. రాత్రంతా అనుకున్న మాట చెప్పాను. "ముత్తమ్మా, నాకు తెలియక చేశాను. ఆ పాట మళ్ళీ ఎత్తు. ఈసారి నేను అందుకుంటాను."

ఆమెకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. చింతగింజ ఒకటి ఏరి పక్కన పడేసింది.

"అది మల్ల ఎత్తేది కాదు టీచరమ్మ. కుండ దించేసిన." నిజంగానే తెలుసుకోవాలన్నట్టు నా ముఖంలోకి చూసి అడిగింది. "అయినా నువ్వేం అందుకుంటవ్? నీకేం పోయింది?"

మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. దాని గురించి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆదివారం గదిలో అందరూ చదివారు, నేను గంట దగ్గర కూర్చున్నాను. ముత్తమ్మ వెనక ఎవరో కోళ్ళు బేరమాడుతున్నారు. ఇరవై మంది ముందు ఆమె చేత పాడించినదాన్ని, ఒక్క మనిషి ముందు నోరు పెగలలేదు.

"ఏం లేదు" అన్నాను.

"మంచిదే మరి" అంది ముత్తమ్మ, మనస్ఫూర్తిగా. కిలో చింతపండు తూచి, పైన గుప్పెడు కొసరు వేసింది.

తిరుగు బండి

సోమవారం బండిలో ఈసారి కిటికీకి దూరంగా కూర్చున్నాను. అరకు దగ్గర సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చీకటి, వెలుతురు, చీకటి. ఆ చీకట్లో పిల్లలు కేకలు పెడుతుంటే నాకు రెండు పంక్తులు వచ్చాయి.

"లెక్క తెలిసినదాన్నే, నేనూ దించలే
ఇద్దరి బియ్యమే రోజూ కొలుస్తున్నా సెల్లే"

సంతలో ఇది చెప్పడానికి పట్టేది ఒక్క నిమిషం. నిమిషం కూడా కాదు.

ఇంటికి చేరాక వచ్చిన ఆదివారం గ్రంథాలయం గదిలో గంట బల్ల సొరుగులో పెట్టి, నేనే లేచి ఆ రెండు పంక్తులు పాడి ఆగాను. ఒక్కొక్కరి ముఖం చూశాను. అందరూ ఎంతో శ్రద్ధగా, తలలు వంచి, మౌనంగా విన్నారు. అలా వినడం వాళ్ళకు నేర్పింది నేనే. రెండోసారి పాడాను. చివరికి చప్పట్లు కొట్టారు. బాగుందన్నారు.

నెల తిరిగాక సుభద్రకు ఫోన్ చేసి ఆ పంక్తులు చెప్పాను. ముత్తమ్మకు వినిపించమన్నాను. శుక్రవారాలు మళ్ళీ మొదలయ్యాయట. బుధ్రీ నోరు మళ్ళీ లేచిందట. ముత్తమ్మ మాత్రం రావడం లేదు. రాయి నిలబెట్టడానికి ఊరికి వెళ్ళివచ్చింది, దాని మీద టిప్పరు బొమ్మ వేయించింది, అంతవరకే తెలుసు.

పది రోజులకు సుభద్ర ఫోన్ చేసింది.

"చెప్పానక్కా. సంతలో కూచోబెట్టుకుని రెండుసార్లు చెప్పించుకుంది."

"ఏమంది?"

"'మరి ఆ దినం ఏం లేదన్నదేంది?' అని అడిగింది. ఏటి చెప్పమంటావక్కా?"

చెప్తానన్నాను. ఇంకా చెప్పలేదు.